అమెరికా రైతుకు కొవిడ్ సాయం: నష్టానికా, నిల్వకా?

సంపాదకులకు నమస్కారం.

కొవిడ్ కాలంలో అమెరికా ప్రభుత్వం తన రైతులను ఆదుకున్న తీరును మెచ్చుకుంటూ మీ పత్రికలో ఇటీవల వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. దరఖాస్తు పెట్టిన కొద్ది రోజులకే డబ్బు నేరుగా ఖాతాలో పడిందని, నడుమ ఏ దళారీ లేడని వ్యాసకర్త రాసిన మాటలు నిజమే. కానీ ఆ డబ్బు ఎవరికి ఎంత వచ్చింది, ఏ కొలతతో వచ్చింది అన్న ప్రశ్న జోలికి వ్యాసం పోలేదు. అయోవా రాష్ట్రంలో ఒక గ్రామీణ కౌంటీలో (మన జిల్లా వంటి పాలనా విభాగం) రైతుల ఆదాయపన్ను లెక్కలు చూసే ఉద్యోగం నాది. ఈ సాయం మీద పన్ను ఉంది కాబట్టి ప్రతి చెల్లింపునూ, అది వచ్చిన దారినీ రైతు లెక్కలో చూడక తప్పలేదు. అలా చూసిన మీదట నాకు కలిగిన అభిప్రాయం ఇది: ఆ పథకం రైతు ఎంత నష్టపోయాడని అడగలేదు, ఫలానా తేదీన అతని దగ్గర ఎంత సరుకు ఉందని అడిగింది. ఈ రెండు ప్రశ్నలూ ఒకటి కావు.

ముందుగా యంత్రాంగం గురించి కొంత చెప్పాలి, ఎందుకంటే ఆ వేగానికి కారణం అందులోనే ఉంది. అమెరికా వ్యవసాయ శాఖ కింద ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ అనే విభాగం ఉంది. దేశం మొత్తం మీద దానికి రెండు వేలకు పైగా స్థానిక కార్యాలయాలు ఉన్నాయి, సేద్యం గట్టిగా సాగే కౌంటీలలో దాదాపు ప్రతిదానికీ ఒకటి ఉంటుంది. ఆ కార్యాలయం మీద రైతులే ఓట్లు వేసి ఎన్నుకునే కౌంటీ కమిటీ ఉంటుంది. 1930ల నాటి మహామాంద్యంలో పుట్టిన ఏర్పాటు ఇది. ఏ రైతు ఏ పొలం దున్నుతున్నాడో, ఎన్ని ఎకరాల్లో ఏం వేశాడో, ఏ ఖాతాలో డబ్బు వేయాలో ఆ కార్యాలయం దగ్గర ఏళ్ల తరబడి నమోదై ఉంటుంది. పైగా చైనాతో వాణిజ్య వివాదం కారణంగా 2018లోనూ 2019లోనూ పరిహారం పంచిన అనుభవం వారికి అప్పటికే ఉంది. 2019లో ఆ పరిహారాన్ని కౌంటీని బట్టి ఎకరానికి 15 నుంచి 150 డాలర్ల దాకా నిర్ణయించారు. కౌంటీ సరిహద్దు రోడ్డుకు ఇటు పొలానికి ఒక రేటు, అటు పొలానికి మరో రేటు పడిందని రైతులు అప్పట్లో గట్టిగానే గొణిగారు. కొవిడ్ సాయంలో ఆ పద్ధతిని వదిలేసి దేశమంతటికీ ఒకే రేటు పెట్టారు, అంతవరకు మేలే జరిగింది.

2020 ఏప్రిల్ 17న అప్పటి వ్యవసాయ మంత్రి సనీ పెర్డ్యూ ప్రకటించిన కరోనావైరస్ ఫుడ్ అసిస్టెన్స్ ప్రోగ్రామ్ మొత్తం విలువ 1,900 కోట్ల డాలర్లు. అందులో 1,600 కోట్లు నేరుగా రైతులకు, మిగిలిన 300 కోట్లు పాలు, మాంసం, కూరగాయలు కొని పేదలకు పంచడానికి కేటాయించారు. మే 26న దరఖాస్తులు తీసుకోవడం మొదలుపెట్టారు. నిధి చాలదేమోనన్న భయంతో ముందు 80 శాతం ఇచ్చి, ఆగస్టులో మిగిలిన 20 శాతం చెల్లించారు. సెప్టెంబరులో 1,400 కోట్ల డాలర్ల వరకు రెండో విడత ప్రకటించారు. అన్ని పథకాలూ కలిపి 2020లో ప్రభుత్వం నేరుగా వ్యవసాయానికి చెల్లించిన సొమ్ము 4,500 కోట్ల డాలర్లు దాటింది. ఆ ఏడాది దేశంలోని వ్యవసాయ నికరాదాయంలో అది దాదాపు సగానికి సమానం.

మరో మంచి సంగతి కూడా ఉంది, మన పాఠకులకు ఇది ఆసక్తి కలిగించవచ్చు. భూమిని నగదు కౌలుకు ఇచ్చిన యజమానికి ఈ సాయంలో పైసా రాలేదు. పంట ధర పడిపోతే దెబ్బ తగిలేది కౌలుదారుకు కాబట్టి సొమ్మంతా అతనిదే. పంటలో వాటా పద్ధతిన కౌలు కుదిరితే యజమానికి తన వాటా మేరకే అర్హత ఉండేది. పట్టాదారు పాసుపుస్తకంలో పేరు చూసి డబ్బు వేసే పద్ధతికి అలవాటు పడిన మనకు, భూమి ఎవరిదన్న ప్రశ్నను పక్కనపెట్టి నష్టభయం ఎవరిదని అడిగే ఈ నిబంధన నేర్చుకోదగినది. సాగు భూమిలో నూటికి దాదాపు 40 ఎకరాలు కౌలులో ఉన్న దేశంలో ఇది చిన్న విషయం కాదు.

ఇక చిక్కంతా తేదీల దగ్గర మొదలవుతుంది. మాంసానికి మేపే పశువుల సంగతి చూడండి. జనవరి 15 నుంచి ఏప్రిల్ 15 లోపల అమ్మిన, కబేళాకు సిద్ధమైన పశువు ఒక్కింటికి 214 డాలర్లు ఇచ్చారు. ఏప్రిల్ 16 నుంచి మే 14 వరకు రైతు దగ్గరే ఉన్న పశువుకు, ఆ మధ్య ఏ రోజు ఎక్కువ ఉంటే ఆ రోజు లెక్కన, తలకు 33 డాలర్లు ఇచ్చారు. ఈ విభజనకు శాఖ చెప్పిన కారణం నిధుల మూలం. మొదటి భాగం కొవిడ్ సహాయ చట్టం కింద అమెరికా చట్టసభ కాంగ్రెస్ ఇచ్చిన 950 కోట్ల డాలర్ల నుంచి, రెండో భాగం శాఖ చేతిలోనే ఉండే కమోడిటీ క్రెడిట్ కార్పొరేషన్ తాలూకు 650 కోట్ల నుంచి వచ్చాయి. పద్దు రాసుకునే గుమాస్తాకు ఇది సరిపోయే జవాబే. రైతు వైపు నుంచి చూస్తే మాత్రం లెక్క తలకిందులుగా ఉంది.

పక్కపక్క పొలాల్లో ఇద్దరు రైతులు, చెరి 100 పశువులు మేపుతున్నారనుకుందాం. మొదటివాడు ఏప్రిల్ మొదటి వారంలో లారీ ఎక్కించాడు. రెండోవాడికి కబేళా ఇచ్చిన తేదీ నెలాఖరున ఉంది. ఈలోగా కార్మికులకు కరోనా సోకి మాంసం కర్మాగారాలు ఒకటి వెంట ఒకటి మూతపడ్డాయి. దక్షిణ డకోటాలోని సూ ఫాల్స్‌లో దేశంలోకెల్లా పెద్దవాటిలో ఒకటైన పందిమాంసం కర్మాగారం ఏప్రిల్ మధ్యలోనే ఆగిపోయింది. గొడ్డుమాంసం కర్మాగారాలదీ అదే దారి. ఏప్రిల్ నెలాఖరుకు, మే మొదటి వారానికి దేశంలో పశువుల వధ అంతకుముందు ఏడాదితో పోలిస్తే మూడో వంతుకు పైగా పడిపోయింది. 600 కిలోలు దాటిన పశువు కొట్టంలో నిలబడి రోజూ పది కిలోలకు పైగా దాణా తింటుంది, బరువు మించేకొద్దీ కొవ్వు ఎక్కువైందని కొనేవాడు ధర కోస్తాడు. అంటే రెండో రైతుకు ధర మరింత పడింది, దాణా ఖర్చు మరింత పెరిగింది, కొనేవాడు దొరకలేదు. సాయం మాత్రం మొదటివాడికి 21,400 డాలర్లు, ఇతనికి 3,300 డాలర్లు వచ్చాయి. ఎక్కువ దెబ్బ తిన్నవాడికి ఆరో వంతు కూడా రాలేదు.

ఈ తప్పును కాంగ్రెస్ గుర్తించకపోలేదు. 2020 డిసెంబర్ 27న అమల్లోకి వచ్చిన చట్టంలో ఆ రెండో గుంపు పశువులకు అదనపు సాయం చేర్చారు. సిద్ధమైన పశువుకు తలకు 63 డాలర్ల చొప్పున, మళ్లీ దరఖాస్తు అవసరం లేకుండా, 2021 వసంతంలో చెల్లించారు. రెండూ కలిపితే 96 డాలర్లు, మొదటివాడికి వచ్చిన దానిలో సగమైనా కాలేదు. రెండో విడతలో తలకు 55 డాలర్లు ఇచ్చారు కదా అని ఎవరైనా అనవచ్చు. ఆ 55 డాలర్లకు ఏప్రిల్ 16 నుంచి ఆగస్టు 31 దాకా రైతు కోరుకున్న రోజున ఉన్న పశువులే లెక్క, కాబట్టి ఏప్రిల్‌లో అమ్మి మళ్లీ కొత్త మందను తోలుకున్న మొదటి రైతుకూ అది వచ్చింది. తేడా తేడాగానే మిగిలిపోయింది.

మొక్కజొన్నలో తేదీ మరోలా పనిచేసింది. మొదటి విడతలో 2019 పంటలో సగమో, 2020 జనవరి 15 నాటికి ధర కుదరకుండా గాదెలో మిగిలిన నిల్వో, ఏది తక్కువైతే దానిని తీసుకుని, రెండు నిధుల రేట్లూ కలిపితే బుషెల్‌కు 33.5 సెంట్లు వచ్చేలా లెక్క కట్టారు. మొక్కజొన్న బుషెల్ అంటే 25 కిలోల పైచిలుకు. 40,000 బుషెళ్లు పండించి అందులో సగం గాదెల్లో నిలిపి ఉంచిన రైతుకు ఈ లెక్కన 6,700 డాలర్లు వచ్చాయి. అంతే పండించి, బ్యాంకు వాయిదా కోసం కోత అవుతూనే సరుకంతా అమ్మేసిన రైతుకు సున్నా. ధర పడిపోయే నాటికి అతని దగ్గర సరుకు లేదు కాబట్టి నష్టమూ లేదన్నది శాఖ వాదన, ఆ వాదనలో తర్కం లేదని నేను అనను. కానీ కల్లంలోనే అమ్ముకునేవాడు ఎవరో, మంచి ధర వచ్చేదాకా గాదె నింపి కూర్చోగలిగేవాడు ఎవరో మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. గోధుమలో ఇంకో వింత జరిగింది. జనవరి మధ్యకూ ఏప్రిల్ మధ్యకూ నడుమ ధర కనీసం 5 శాతం పడిన సరుకులకే మొదటి విడతలో అర్హత అన్నారు. దానితో డ్యూరమ్ అనే గోధుమ రకానికి, వసంతంలో విత్తే గట్టి ఎర్రగోధుమకు సాయం వచ్చింది, కాన్సాస్ రైతుల ప్రధాన పంటైన శీతకాలపు ఎర్రగోధుమకు రాలేదు.

రెండో విడతలో పంటలకు నిల్వ గొడవ వదిలేసి 2020లో వేసిన ఎకరాల మీద లెక్క కట్టారు, కనీసం ఎకరానికి 15 డాలర్లు ఖాయం చేశారు. ఇది ముందుదానికన్నా నయం. అయితే డిసెంబర్ చట్టం ఇదే పంటలకు ఎకరానికి మరో 20 డాలర్లు కలిపింది, ఆ డబ్బు 2021 ఏప్రిల్ నుంచి ఖాతాల్లోకి వచ్చింది. 2020 వేసవిలో 3 డాలర్ల దరిదాపుల్లో ఉన్న మొక్కజొన్న బుషెల్ ధర అప్పటికి 5 డాలర్లు దాటిపోయింది. ధర పడినప్పుడు ఇవ్వాల్సిన సాయం ధర ఎగసినప్పుడు వచ్చింది. ఆ వసంతంలో మా కౌంటీ రైతుల లెక్కలు చూస్తే వారికి అంతకుముందు పదేళ్లలో లేనంత ధీమా కనిపించింది. వద్దనడానికి వారేమైనా అమాయకులా!

పరిమితుల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఒక వ్యక్తికి మొదటి విడతలో గరిష్ఠంగా 2,50,000 డాలర్లు. సేద్యం కంపెనీ పేరున ఉండి, అందులో ముగ్గురు సభ్యులు ఒక్కొక్కరు ఏడాదికి 400 గంటలు శ్రమో, నిర్వహణో చేస్తున్నట్టు చూపితే అది 7,50,000 డాలర్లు అయ్యేది. ఏడాదికి 400 గంటలంటే వారానికి ఒక రోజు పని. సగటు ఆదాయం 9,00,000 డాలర్లు దాటినవారు అనర్హులన్న నియమమూ ఉండేది, అయితే ఆదాయంలో 75 శాతం సేద్యం నుంచే వస్తుంటే ఆ నియమం వర్తించలేదు. అంటే వ్యవసాయంలో ఎంత పెద్దవాడైనా ఆదాయ పరిమితి అతనికి అడ్డు రాలేదు. చిన్నవాడికి చిన్నగా, పెద్దవాడికి పెద్దగా అందడం ఈ పథకంలో పొరపాటున జరిగింది కాదు, దాని నిర్మాణమే అది.

అసలు లెక్కలోకే రానివారు ఇంకొందరు ఉన్నారు. మా ప్రాంతంలో 2,400 పందులు పట్టే పొడవాటి షెడ్లు రోడ్డు పొడవునా కనిపిస్తాయి. షెడ్డు రైతుది, దాని మీద బ్యాంకు అప్పు రైతుది, పెంపకం రైతుది, పందులు మాత్రం కంపెనీవి. దక్షిణాది రాష్ట్రాల్లో కోళ్ల పెంపకమూ ఇంతే. మొదటి విడత సాయం పశువు యజమానికి కాబట్టి, కర్మాగారాలు మూతపడి కొత్త పిల్లలు రాక నెలల తరబడి షెడ్డు ఖాళీగా ఉన్నా, పెంచే రైతుకు ఏమీ దక్కలేదు. వీరికి 100 కోట్ల డాలర్ల వరకు కేటాయించింది కూడా ఆ డిసెంబర్ చట్టమే. 2018తోనో 2019తోనో పోల్చి 2020లో తగ్గిన రాబడిలో 80 శాతం వరకు ఇస్తామన్నారు. దరఖాస్తు గడువు 2021 అక్టోబర్ 12 దాకా సాగింది. షెడ్డు మీది బ్యాంకు వాయిదాలకు అలాంటి గడువు ఎవరూ ఇవ్వరు.

కౌంటీ కార్యాలయంలో పేరు లేనివారి కష్టం వేరు. ఎప్పటినుంచో వచ్చిపోయే రైతుకు ఏడీ-3114 అనే ఒక్క దరఖాస్తు నింపితే సరిపోయింది, తక్కినవన్నీ ఫైలులో ఉన్నాయి. రెండు ఎకరాల్లో కూరగాయలు పండించి వారాంతపు సంతలో అమ్ముకునేవాడు మొదటిసారి ఫోన్ చేస్తే, ఆదాయ పరిమితి ధ్రువపత్రం, సాగు ఎవరి చేతుల్లో ఎలా నడుస్తోందో చెప్పే పత్రం, చిత్తడి నేలలను పాడుచేయలేదన్న హామీ, బ్యాంకు ఖాతా కాగితం అంటూ వరుసగా వచ్చేవి. అది కూడా కరోనా భయంతో కార్యాలయం తలుపులు మూసి, ఫోన్ మీదా ఈమెయిల్ మీదా పని నడిపిన రోజుల్లో. అందులో వచ్చే సాయం కొన్ని వందల డాలర్లే అయితే, దరఖాస్తు సగంలో వదిలేసినవారిని తప్పుపట్టలేం.

జాతి విషయంలో ఈ తేడా మరింత స్పష్టంగా కనబడింది. మొదటి రెండు విడతల సాయంలో నల్లజాతి రైతులకు చేరింది 0.1 శాతమేనని 2021 మార్చిలో అప్పటి వ్యవసాయ మంత్రి టామ్ విల్సాక్ చెప్పారు. 2017 వ్యవసాయ గణన ప్రకారం దేశంలోని సాగుదారుల్లో వారు 1.4 శాతం. వారి కమతాలు చిన్నవి కాబట్టి, పరిమాణం మీద కట్టిన సాయం తక్కువే వస్తుంది, అందులో కొంత నిజం ఉంది. అయితే ఆ కమతాలు చిన్నవిగా మిగిలిపోవడానికి దశాబ్దాల పాటు అప్పుల మంజూరులో ఆ శాఖే చూపిన వివక్ష ఒక కారణమని కోర్టు కేసుల్లో రుజువైన చరిత్ర ఉంది. 2021 మార్చి నాటి సహాయ చట్టంలో వారికీ, ఇతర అల్పసంఖ్యాక రైతులకూ ప్రభుత్వ రుణాల్లో 120 శాతం వరకు చెల్లించే ఏర్పాటు చేస్తే, తెల్లజాతి రైతుల కేసులపై కోర్టులు దాన్ని ఆపేశాయి. 2022 ఆగస్టులో ఆ నిబంధననే రద్దు చేసి, కష్టాల్లో ఉన్న రుణగ్రస్తులకు 310 కోట్లు, గతంలో వివక్షకు గురైనవారికి 220 కోట్ల డాలర్లు అని జాతి ప్రస్తావన లేకుండా మార్చి రాశారు.

నష్టాన్నే కొలిచే పద్ధతి అసాధ్యమని కొందరు అంటారు. అసాధ్యం కాదని ఆ శాఖే తరువాత చూపించింది. 2023 జనవరిలో పాండెమిక్ అసిస్టెన్స్ రెవెన్యూ ప్రోగ్రామ్ పేరుతో దరఖాస్తులు తీసుకున్నారు. 2018 లేదా 2019తో పోల్చి 2020లో స్థూల రాబడి కనీసం 15 శాతం తగ్గిన రైతులకు, అప్పటిదాకా వచ్చిన కొవిడ్ సాయాన్ని మినహాయించి, తగ్గిన దానిలో కొంత భాగం ఇచ్చే పథకం అది. ఆలోచన సరైనదే, వచ్చింది మాత్రం మూడేళ్లకు. పైగా 15 శాతం అనే గీత మళ్లీ పాత కథే. పైన చెప్పిన రెండో రైతు ఏప్రిల్‌లో అమ్మాల్సిన మందను అదే ఏడాది జూన్‌లో తక్కువకు అమ్మాడు కాబట్టి, ఏడాది మొత్తం మీద అతని రాబడి 12 శాతమే తగ్గి ఉండవచ్చు. పెరిగిన దాణా ఖర్చు స్థూల రాబడి లెక్కలోకి రానే రాదు.

ఇలాంటి ఉపద్రవం మళ్లీ వస్తే మూడేళ్లు ఆగవలసిన పని లేదని, ఈ లెక్కలతో రోజూ వేగేవాడిగా నా అభిప్రాయం. ముందస్తు పన్ను కట్టని రైతులు జరిమానా లేకుండా ఉండాలంటే మార్చి 1 నాటికే రిటర్నులు దాఖలు చేయాలి, చాలామంది చేస్తారు కూడా. కాబట్టి 2020 మే 26న దరఖాస్తులు తెరిచేనాటికి వారిలో చాలామంది 2018, 2019 రాబడి వివరాలు పన్ను శాఖ దగ్గర సిద్ధంగా ఉన్నాయి. ఆదాయ పరిమితి దాటారా లేదా అన్నది పన్ను శాఖతో సరిచూసుకోవడానికి రైతు నుంచి సంతకంతో అనుమతి తీసుకునే పత్రం కూడా వ్యవసాయ శాఖ దగ్గర ఎప్పటినుంచో ఉంది. అదే అనుమతిని కాస్త విస్తరించి, పాత ఏళ్ల రాబడిలో కొంత శాతాన్ని వెంటనే బయానాగా ఇచ్చి, మరుసటి మార్చిలో వచ్చే రిటర్నుతో, దాణా ఖర్చుతో సహా లెక్క సరిచేసి, తక్కువైతే ఇచ్చి ఎక్కువైతే వెనక్కి తీసుకుంటే సరిపోయేది. అప్పుడు పశువులను ఏప్రిల్ 15న అమ్మాడా 16న అమ్మాడా అని అడగవలసిన అవసరమే ఉండేది కాదు. షెడ్డు ఖాళీగా పడి ఉన్న పందుల పెంపకందారుకు, సంతలు మూతపడిన కూరగాయల రైతుకు వేరే చట్టం కోసం ఎదురుచూసే పనీ ఉండేది కాదు.

ఇట్లు,
మీ పత్రిక పాఠకుడు,
అయోవా, అమెరికా